ఎటిమాన్‌లైన్: ‘ఫాస్ట్’ వెనక ఇంత కథ ఉందా!

ఇంగ్లిష్ మాటల పుట్టుపూర్వోత్తరాలు వెతకడానికి ఫ్రీగా దొరికేవాటిలో డగ్లస్ హార్పర్ తయారుచేసిన ఎటిమాన్‌లైన్ వెబ్‌సైట్‌కే నా ఓటు. ఎలా ఉంటుందో తెలియాలంటే ‘ఫాస్ట్’ అని కొట్టి చూడండి. వేగం అనుకుంటాం కదా, పాత ఇంగ్లిష్‌లో ‘ఫాస్ట్’ అంటే కదలకుండా గట్టిగా ఉండటం! బట్టల షాపులో ‘ఫాస్ట్ కలరేనండీ, వెలిసిపోదు’ అంటారే, అందులో ఉన్నది ఆ పాత అర్థమే. సీటు బెల్టు ‘ఫాసెన్’ చేసుకోమన్నా అదే, ‘ఫాస్ట్ అస్లీప్’ అన్నా అదే. ఉపవాసం అన్న అర్థంలో వాడే ‘ఫాస్ట్’ కూడా ఈ గూటి పక్షే, మనసు కట్టుకుని నియమాన్ని గట్టిగా పట్టుకోవడం అన్న భావం నుంచి వచ్చిందట, ఆ ఉపవాసాన్ని విరిస్తే బ్రేక్‌ఫాస్ట్. మరి కదలనిది పరుగెలా అందుకుంది? గట్టిగా, బలంగా చేయడం అన్న అర్థం మెల్లగా జోరుగా చేయడం వైపు జారిందని వివరణ, నాకైతే నమ్మబుద్ధి అయింది.

పేజీలో ఒక మాట మీద నొక్కితే ఇంకో మాట, అక్కణ్నుంచి జర్మన్‌కి, గోథిక్ అనే పాత భాషకి... అలా టైం ఎటు పోతుందో తెలీదు. వివరణలు మాత్రం పొట్టిగా ఉంటాయి, పాత పుస్తకాల్లోని వాక్యాలు వరసగా తేదీలతో కావాలంటే ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువే దిక్కు, దానికి చందా కట్టాలి (కొన్ని లైబ్రరీల సభ్యులకు ఉచితం). పిల్లలకు ఇంగ్లిష్ చెప్పేవాళ్లయితే బుక్‌మార్క్ చేసి పెట్టుకోండి.