ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ ఎల్‌టీఆర్‌సీ: బీటెక్‌లోనే రీసెర్చ్ ల్యాబ్

గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీలో ఆనర్స్ తీసుకున్నా, ఐదేళ్ల డ్యూయల్ డిగ్రీలో చేరినా బీటెక్ పిల్లలు ఏదో ఒక ల్యాబ్‌లో పనిచేయాల్సిందే. నేను భాషల మీద పనిచేసే ఎల్‌టీఆర్‌సీని ఎంచుకున్నాను.

మొదట చేతికిచ్చింది ఏఐ మోడల్ కాదు, తెలుగు వాక్యాలు. పాణిని కారకాల పద్ధతిలో, అంటే వాక్యంలో క్రియతో ఏ పదానికి ఏ సంబంధమో చూసి, లేబుళ్లు పెట్టాలి: కర్తకి కె1, కర్మకి కె2. ‘రాము పండు తిన్నాడు’ క్షణంలో అయిపోయింది. ‘నాకు ఆకలేస్తోంది’ దగ్గర ఆగిపోయాం. ‘నాకు’ కర్తా? కాదట. ఆకలి కె1, ‘నాకు’ అనుభవ కర్త (ఆ ఆకలిని అనుభవించేవాడు), దాని లేబుల్ కె4ఎ అని సీనియర్ అక్క గైడ్‌లైన్స్ తెరిచి చూపించింది. వాక్యాన్ని విడదీసి ఈ సంబంధాలు తేల్చే ప్రోగ్రామ్, అదే పార్సర్, ఎక్కడ తడబడుతుందో, ఎందుకు తడబడుతుందో నాకు అప్పుడే ఒంటబట్టింది. తెలుగంటే ప్రాణమున్న కంప్యూటర్ సైన్స్ పిల్లలకి ఇంతకంటే మంచి చోటు నాకు తెలీదు.

బొమ్మలు, వీడియోల మీద ఆసక్తుంటే సీవీఐటీ ఉంది, రోబోలకి వేరే ల్యాబ్ ఉంది. రీసెర్చ్ పేపర్ కోసం తొందరపడేవాళ్లకి మాత్రం ఏదీ నచ్చదు, డేటా సరిచేయడానికే నెలలు పడుతుంది. ల్యాబ్‌లో చేర్చుకోమని ఏ ప్రొఫెసర్‌నైనా అడగబోయేముందు ఆయన లేదా ఆవిడ ఈమధ్య రాసిన పేపర్ ఒక్కటైనా చదవండి, అర్థంకాని చోట గీత గీసుకుని అదే వెళ్లి అడగండి.