నల్లరాయి కోసం అనంతగిరికి

భూకంపాలు, అగ్నిపర్వతాలు ఎందుకు పుడతాయో చూపించడానికి హైదరాబాద్ చక్కని చోటంటే ఎవరైనా నవ్వుతారు. ఇక్కడ అగ్నిపర్వతం లేదు. దేశంలో భూకంప ముప్పు తక్కువని గుర్తించిన రెండో జోన్‌లోనే ఈ నగరాన్ని చేర్చారు. అయినా తొమ్మిదో తరగతి చదివే మేనకోడలిని వెంటబెట్టుకుని, ఆ పాఠం కోసమే తిరిగాను.

ఖాజాగూడ గుట్టలకు రాయదుర్గం మెట్రో దిగి ఆటోలో వెళ్లవచ్చు. టికెట్టు లేదు, నీడా లేదు; సీసా పెంకులు మాత్రం కావలసినన్ని. తెల్లవారగానే వెళితేనే సుఖం. ఇక్కడి గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. భూమి లోతుల్లో చల్లబడిన శిల, పైపొరలు అరిగిపోయాక బయటపడింది. భూమి గట్టి పైభాగం ఫలకాలనే పెద్ద పెద్ద ముక్కలుగా విడిపోయి మెల్లగా కదులుతుంటుంది. ఇంత పాత, గట్టి నేల వాటిలో ఒకటైన భారత ఫలకానికి నడుమ ఉంది. అసలు రభస అంచుల్లో. ఈ ఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు జరుగుతూ ఆసియాను నెడుతుంది. ఏళ్ల తరబడి బిగిసిన రాయి ఒక్కసారిగా జారితే 2015లో నేపాల్‌లో వచ్చినట్టు భూకంపం వస్తుంది. అండమాన్ వైపు ఇదే ఫలకం మరో ఫలకం కిందికి దిగుతోంది. దానితోపాటు దిగిన నీరు పైనున్న వేడి శిలలో చేరి దాన్ని సులువుగా కరిగిస్తుంది. బారెన్ ద్వీపంలోని అగ్నిపర్వతానికి మూలం అదే.

బిర్లా సైన్స్ మ్యూజియానికి అసెంబ్లీ మెట్రో స్టేషన్ దగ్గర. సెలవు రోజు మధ్యాహ్నం మాత్రం వెళ్లకండి, పిల్లల గోలలో ఏమీ వినబడదు. ఇక్కడ అందరూ ఫోటో దిగే కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికింది. దాని ఎముకలు దాగింది గోదావరి లోయ అవక్షేపాల్లో. భూమి పైపొర సాగి కుంగిన చోట పేరుకున్న మట్టి అది. ఆ పాత పగుళ్లు పూర్తిగా అతుక్కోలేదు. 1969లో భద్రాచలం, 2024 డిసెంబరు 4న ములుగు కంపించింది ఆ లోయలోనే. ములుగు భూకంప తీవ్రత 5.3, హైదరాబాద్‌లోనూ తెలిసింది. హిమాలయాల దగ్గర తగిలే ఒత్తిడి ఫలకమంతా పాకి, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ బయటపడుతుంది. ఫలకం నడిబొడ్డున ఉన్నామని మరీ నిశ్చింతగా ఉండలేం.

నాకు బాగా నచ్చింది వికారాబాద్ పక్కనున్న అనంతగిరి. కారులో అయితే మన్నెగూడ దాకా మర్రిచెట్ల నీడ. ఆ తర్వాత నేల రంగు మారడం గమనించండి. గుట్టపైన ఎర్రని లాటరైట్, దాని కింద నల్లని బసాల్ట్, సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి లావా. "మామయ్యా, మరి లావా ఎగజిమ్మిన బిలం ఎక్కడ?" అని మేనకోడలు వెతికింది. బిలం లేదు. లావా పొడవాటి చీలికల నుంచి పొంగి, పొర మీద పొరగా పరచుకుంది. ఇది ఫలకాల అంచున జరిగిన పని కాదు. లోతు నుంచి లేచిన వేడి ధార మీదుగా ఫలకం సాగిపోయింది. ఆ ధార ఇప్పుడు హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ ద్వీపం కింద ఉందని ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. అక్కడి అగ్నిపర్వతం ఈనాటికీ రగులుతూనే ఉంది.

బస మాత్రం దండగ. అడవి అంచున ఒక రిసార్టులో దిగితే, వేడినీళ్లు పొద్దెక్కాక వచ్చాయి, పాటల హోరు అర్ధరాత్రి దాకా ఆగలేదు. గది అద్దెకు ఊళ్లో రెండు రాత్రులు గడిచేవి. లింగంపల్లిలో ఉదయం రైలెక్కి వికారాబాద్‌లో దిగి, సాయంత్రానికి తిరిగి రావడమే మేలు. స్టేషన్ నుంచి గుట్టకు ఆటో దొరుకుతుంది గానీ తిరుగు ప్రయాణానికి అదే ఆటోను ముందే మాట్లాడుకోండి. చీకటి పడితే గుట్టపైకి ఎవరూ రారు.