రాయి ఎక్కడం వచ్చు, మరి మంచు? బేసిక్ కోర్సా, గైడుతో శిఖరమా

ఆదివారం పొద్దున్నే బరువు సంచి తగిలించుకుని కైలాసగిరి మెట్ల మీద కనబడితే చాలు, ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. "అన్నా, హంపీ రాళ్లు ఎక్కడం అయింది, బాదామిలో లీడ్ చేస్తున్నాను, తాడుతో అందరికంటే ముందు ఎక్కేది నేనే. ఇంకా పర్వతారోహణ సంస్థల్లో చెప్పే ఆ నెల రోజుల బేసిక్ కోర్సు నాకెందుకు? గైడుని పెట్టుకుని నేరుగా ఒక శిఖరం ఎక్కేస్తే పోలా?"

నేనూ సరిగ్గా ఇలాగే అనుకున్నాను. చివరికి రెండూ చేశాను, కాకపోతే వరస తప్పింది. ముందు గైడుతో శిఖరం, ఆ మరుసటి ఏడాది బేసిక్ కోర్సు.

రాతి మీద ఏళ్ల తరబడి తిరిగినవాళ్లకు కొంత ఆస్తి ఉన్నమాట నిజమే. ముడులు వచ్చు, బిలే (ఎక్కేవాడి తాడు కింద నుంచి పట్టుకోవడం) వచ్చు, ర్యాపెల్ (తాడు మీద దిగడం) వచ్చు, కింద లోయ కనబడితే కాళ్లు వణకవు. కోర్సు మొదటి రోజుల్లో రాక్ క్రాఫ్ట్ నేర్పుతుంటే మనకు ఆవలింతలొస్తాయి. మాలావత్ పూర్ణ కూడా భువనగిరి గుట్ట మీద రాయి ఎక్కడంతోనే మొదలుపెట్టి 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ మీద నిలబడింది. ఆ కథ చెప్పేటప్పుడు అందరూ భువనగిరి నుంచి నేరుగా ఎవరెస్ట్‌కు దూకేస్తారు. మధ్యలో డార్జిలింగ్ శిక్షణ ఉందన్న సంగతి మాత్రం మర్చిపోతారు.

నా మొదటి శిఖరం మనాలి దగ్గర సోలంగ్ లోయ పైనున్న ఫ్రెండ్‌షిప్ పీక్, 5,289 మీటర్లు. సెలవు పెద్దగా అక్కర్లేదు, వారం పది రోజుల పని. గైడు మంచివాడు, పని తెలిసినవాడు. బేస్ క్యాంపులో ఒక పూట క్రాంపాన్లు, అంటే బూట్లకు బిగించే ఇనుప ముళ్లు, వేసుకుని నడవడం చూపించాడు. రాత్రి ఒంటిగంటకు బయల్దేరాం. మంచు గడ్డకట్టి ఉండగానే ఎక్కాలి, ఎండకు మెత్తబడేలోపు దిగిపోవాలి. నిటారుగా ఉన్నచోట అతను ముందే తాడు బిగించి ఉంచాడు, నేను జుమార్ (తాడు మీద పైకి మాత్రమే జరిగే పట్టు) తోసుకుంటూ వెళ్లాను. ఫొటో బాగా వచ్చింది, మా అమ్మ దాన్ని ఫ్రేమ్ కూడా కట్టించింది.

కానీ కింద టీ తాగుతూ ఆలోచిస్తే, ఆ వాలు వదిలేసి ఈ వాలు మీదుగా ఎందుకు వెళ్లామో నాకు తెలియదు. ఒకచోట తాడు కట్టుకుని ఇంకోచోట ఎందుకు విప్పేశామో తెలియదు. నేను అడగలేదు, అతనూ చెప్పలేదు. డబ్బులు కట్టింది పైకి చేర్చమని, చేర్చాడు.

నా దృష్టిలో ఈ రెంటి మధ్య తేడా తేల్చేది ఎక్కడం కాదు, పడటం.

రాతి మీద పడటం మన పనిలో భాగం. కష్టమైన మూవ్ దగ్గర చెయ్యి జారుతుంది, రాతిలో బిగించిన బోల్టు ఆపుతుంది, కిందున్నవాడు తాడు పట్టేస్తాడు. రెండు తిట్లు తిట్టుకుని మళ్లీ మొదలుపెడతాం. పడకపోతే సరిగా ప్రయత్నించలేదనే లెక్క. ఈ అలవాటే మంచు మీద ప్రాణం మీదకు తెస్తుంది. మంచు వాలు మీద చాలాసార్లు తాడు బోల్టుకు ఉండదు, మనిషికి ఉంటుంది. ముగ్గురు నలుగురు ఒకే తాడుకు కట్టుకుని నడుస్తారు. ఒకడు జారితే మిగతావాళ్లను లాగేస్తాడు, వాళ్లు తమ ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) దించి ఆపగలిగితేనే అందరూ ఆగుతారు. వేగం అందుకున్నాక ఆపడం దాదాపు అసాధ్యం. జారిన ఆ క్షణంలోనే బోర్లా తిరిగి, యాక్స్‌ను ఛాతీ కింద అదిమి, దాని ముక్కు మంచులో దిగేలా ఒంటి బరువంతా వెయ్యాలి. కాళ్లకు క్రాంపాన్లు ఉంటే పాదాలు పైకెత్తి ఉంచాలి, లేదంటే ముళ్లు మంచులో పట్టుకుని మనిషిని పల్టీ కొట్టిస్తాయి, మడమ విరగ్గొడతాయి.

చదివితే రెండు నిమిషాల పని. కోర్సులో మాకు పూటలకు పూటలు పట్టింది. కాళ్లు కిందికి పెట్టి జారడం, తల కిందికి పెట్టి జారడం, వెల్లకిలా జారడం, మళ్లీ అదే సంచితో. మొదటిసారి జారినప్పుడు నా చేతులేం చేశాయో తెలుసా? యాక్స్ వదిలేసి పట్టు కోసం వెతికాయి! ఎనిమిదేళ్లు రాతి మీద నేర్చిన చేతులు మరి. పక్కనున్న కుర్రాడు జీవితంలో రాయి ఎక్కనివాడు, రెండో ప్రయత్నంలోనే శుభ్రంగా ఆగిపోయాడు. మనకు కోర్సు కొత్తది నేర్పడం కంటే పాతది మరిపించడానికే ఎక్కువ కావాలి. రోజులు లెక్కపెట్టుకుని నడిచే ప్యాకేజీలో దానికి తీరిక దొరకదు. మంచులో యాక్స్ పాతిపెట్టి దానికి తాడు కట్టి, పగుళ్లలో పడ్డ మనిషిని పైకి లాగడమూ అంతే. బోల్టును నమ్మిన ప్రాణం మంచులో పాతిన కర్రను నమ్మాలంటే పదిసార్లు లాగి చూడాల్సిందే.

రెండోది ఎత్తు. మన వైజాగ్ సముద్రం ఒడ్డున ఊరు. తూర్పు కనుమల్లో అన్నిటికంటే ఎత్తైన చోటు కూడా 1,700 మీటర్లు దాటదు, లంబసింగి చలికి అలవాటు పడ్డామంటే నవ్వుతారు. 5,500 మీటర్ల దగ్గర గాలి పీడనం మన బీచ్‌లో ఉండేదానికి సగం. వేళ్ల బలం, జిమ్ము కండలు ఎత్తు వల్ల వచ్చే తలనొప్పిని ఆపవు. బలమున్నవాడు తొందరపడి ముందు పడిపోవడమే ఎక్కువ. 3,000 మీటర్లు దాటాక ఏ రాత్రికి ఆ రాత్రి పడుకునే చోటు 500 మీటర్లకు మించి పెంచొద్దని, మూడు నాలుగు రోజులకోసారి ఆగాలని డాక్టర్ల మాట. యూనమ్ లాంటివి (6,111 మీటర్లు) మనాలి-లేహ్ రోడ్డు నుంచే మొదలవుతాయి కాబట్టి తేలిగ్గా కనిపిస్తాయి. జీపు దిగేసరికే చాలా పైన ఉంటాం, ఒళ్లు మాత్రం ఇంకా కిందే ఉంటుంది. కోర్సులో ఆ అలవాటు మెల్లగా జరుగుతుంది.

కోర్సులో కష్టాలు లేవని కాదు. 26 నుంచి 28 రోజుల సెలవు ఏ మేనేజరూ నవ్వుతూ ఇవ్వడు. పొద్దున్నే విజిల్, పీటీ, వరసలో నిలబడి భోజనం. ముప్పై దాటినవాళ్లకు మళ్లీ హాస్టల్లో పడేసినట్టుంటుంది. చాలాచోట్ల నలభై దగ్గర వయసు పరిమితి ఉంది. సీట్లు నెలల ముందే నిండిపోతాయి. పై కోర్సుకు వెళ్లాలంటే 'A' గ్రేడు రావాలి, ఆ టెన్షన్ వేరు. కోర్సు కదా, ఏమీ కాదులే అనే భ్రమ కూడా వద్దు. 2022 అక్టోబర్ 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా డాండా-2 శిఖరం మీద విరుచుకుపడిన మంచు, గల్లంతయిన ఇద్దరితో కలిపి 29 మందిని తీసుకుపోయింది. వాళ్లు అడ్వాన్స్‌డ్ కోర్సు బృందంవాళ్లే. ఖర్చు మాత్రం రోజు లెక్కన చూస్తే గైడు శిఖరం కంటే చాలా తక్కువ. బూట్లు, యాక్స్, క్రాంపాన్లు వాళ్లే ఇస్తారు.

కోర్సుకు ఏ ఊరు అంటారా? ఉత్తరకాశీ, డార్జిలింగ్, మనాలి, ఏదైనా ఫర్వాలేదు, సీటు దొరికిన చోటికి వెళ్లండి. డార్జిలింగ్‌కైతే వైజాగ్ మీదుగా వెళ్లే వివేక్ ఎక్స్‌ప్రెస్ న్యూ జల్పాయ్‌గురిలో దింపుతుంది.

నేపాల్‌లో ఐలాండ్ పీక్ కూడా గైడు బాపతే, ఖర్చు ఇంకాస్త ఎక్కువ. కేదార్‌కంఠ లాంటి చలికాలపు ట్రెక్కులు హాయిగా ఉంటాయి కానీ అది మంచులో నడక, అంతే. స్నేహితులంతా కలిసి సొంతంగా వెళ్దామంటే, వాళ్లలో ఒక్కడికైనా ఇదంతా ముందే వచ్చి ఉండాలి.

కోర్సుకు వెళ్తే సీటు వచ్చిన రోజు నుంచే సింహాచలం మెట్ల దారి పట్టండి, సంచిలో పదిహేను కిలోల నీళ్ల బాటిళ్లతో. గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ ఒక్కరోజులో నడిచే పెద్దవాళ్లున్న ఊరు మనది, సాకులు పనికిరావు. దిగేటప్పుడు నీళ్లు పారబోసేయండి, మోకాళ్లు మిగులుతాయి.

నిజంగానే సెలవు దొరకనివాళ్లు గైడుతోనే వెళ్లండి, తప్పులేదు. డబ్బు కట్టేముందు మాత్రం శిఖరం రోజు కాకుండా రెండు రోజులు పూర్తిగా మంచు మీద సాధనకు కావాలని, అందులో ఒక పూట కేవలం జారి ఆగడానికే ఇవ్వాలని అడగండి. "మీరు క్లైంబర్ కదా సార్, మీకెందుకు" అన్నాడంటే ఇంకో గైడుని చూసుకోండి.