ఇంటిల్లిపాదీ ఎక్కితేనే వణికే కారు: తొమ్మిదేళ్ల వాడకం తరువాత

2016లో కొన్న పెట్రోలు హ్యాచ్‌బ్యాక్ ఇది. ఇప్పటికి 1,18,000 కిలోమీటర్లు తిరిగింది. అందులో ఎక్కువ భాగం నల్గొండ, మిర్యాలగూడ మధ్య నా ఉద్యోగపు రాకపోకలే. కంపెనీ పేరు రాయను. నేను చెప్పబోయే జబ్బు ఇంజన్ బలం ముందు చక్రాలకు అందే ఏ కారుకైనా రావచ్చు. మైలేజీ మీద, సీట్ల మీద నాకు ఫిర్యాదు లేదు. మే నెల ఎండకు ఏసీ పది నిమిషాలు తడబడి, తరువాత దారికి వస్తుంది. ఇక మిగిలింది వణుకు.

మొదటిసారి అది నాలుగో ఏడు వానాకాలంలో వచ్చింది. దామరచర్ల దారిలో మా సొంత ఊరు, సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. నాట్ల రోజుల్లో ట్రాక్టర్లు పొలాల్లోని బురదనంతా రోడ్డు మీదికి మోసుకొస్తాయి. ఒక ఆదివారం ఊరికి వెళ్లి వచ్చాను. సోమవారం వేగం 80 దాటగానే స్టీరింగు చేతుల్లో జలదరించింది. టైర్ల దుకాణంలో అలైన్‌మెంటు చేసి డబ్బు తీసుకున్నారు. వణుకు పోలేదు, కానీ రెండు రోజుల తరువాత దానంతట అదే సగం తగ్గింది. బాగుచేయకుండా తగ్గే జబ్బు ఏమిటా అని చక్రాలు విప్పించి చూస్తే, ఒక రిమ్ము లోపలి వైపు ఎండిన మట్టిపెళ్ల అంటుకుని ఉంది. దానిలో కొంత దారిలోనే రాలిపోయినట్టుంది. నీళ్ల పైపు పెట్టి కడిగితే సరిపోయింది.

అలైన్‌మెంటు చేసేది చక్రాల దిశను సరిచేయడం. వణుకుకు చూడవలసింది బ్యాలెన్సింగ్, అంటే చక్రం చుట్టూ బరువు సమానంగా ఉండేలా చేయడం. ఈ తేడా చెప్పకుండా రెండింటికీ బిల్లు వేసే దుకాణాలు చాలా ఉన్నాయి. రిమ్ము అంచున 20 గ్రాముల తేడా ఉంటే, 90 వేగంలో అది రెండు కిలోలకు పైగా బలంతో, సెకనుకు దాదాపు 13 సార్లు చక్రాన్ని లాగుతుంది. ముందు చక్రంలో తేడా ఉంటే ఎక్కువగా స్టీరింగులో తెలుస్తుంది, వెనుక చక్రంలో ఉంటే సీటులో.

రెండో వణుకు 95,000 దాటాక మొదలైంది. నన్ను ఏడాది ఏడిపించింది ఇదే. ఒక్కడినే వెళితే కారు నీళ్లు తొణకనంత నిలకడగా ఉండేది. చెర్వుగట్టుకు ఇంటిల్లిపాదీ బయలుదేరితే, గుట్ట ఎక్కేటప్పుడు కారు ముందు భాగమంతా అటూ ఇటూ ఊగేది. మెకానిక్‌కు చూపిద్దామని తీసుకెళితే ఏమీ లేనట్టు బుద్ధిగా నడిచేది. "మేం ఎక్కితేనే నీ కారుకు చలిజ్వరం" అని మా అమ్మ ఎత్తిపొడిచేది. ఆమె రోగనిర్ణయం సగం చేసేసిందని నాకు అప్పుడు తట్టలేదు.

రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేయించాను. ముందు టైర్లు వెనక్కు, వెనుకవి ముందుకు మార్పించాను. తేడా టైర్లలో ఉంటే వణుకు కూడా చోటు మారాలి, మారలేదు. ఇంకొకరు ఇంజన్ మిస్సింగ్ (ఒక సిలిండరులో పెట్రోలు సరిగా మండకపోవడం) అని ప్లగ్గులు, కాయిల్ మార్చమన్నారు. మిస్సింగ్ ఉంటే బండి లాగడంలో కుదుపులు రావాలి, ఇలా అటూ ఇటూ ఊగదు కదా? ఇంజన్ దీపం కూడా వెలగలేదు. ఆ ఖర్చుకు ఒప్పుకోలేదు.

చివరికి నల్గొండలోనే ఒక చిన్న షెడ్డు మెకానిక్ సరైన ప్రశ్న అడిగాడు: "సార్, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే ఊగడం ఆగుతుందా?" నేను ఎప్పుడూ గమనించలేదు. మరునాడు నలుగురిని ఎక్కించుకుని, నార్కట్‌పల్లి వైపు ఖాళీగా, చదునుగా ఉన్న రోడ్డులో చూశాను. గట్టిగా తొక్కితే ఊగింది, కాలు తీయగానే ఠక్కున ఆగింది. అదే వేగంలో న్యూట్రల్ చేసినా వణుకు లేదు. చక్రం తప్పయితే న్యూట్రల్‌లోనూ ఊగేది. (ఈ పరీక్షలో తాళం మాత్రం ఆపవద్దు, స్టీరింగు, బ్రేకు రెండూ బిగుసుకుంటాయి.)

దొంగ దొరికింది: యాక్సిల్ (గేరుబాక్సు నుంచి ముందు చక్రానికి బలం మోసే కడ్డీ) లోపలి జాయింటు, అంటే గేరుబాక్సు వైపుది. అందులో మూడు రోలర్లు మూడు గాడుల్లో జారుతుంటాయి. గాడులు అరిగితే బలం పడినప్పుడు రోలర్లు సాఫీగా జారక కారును పక్కలకు నెడతాయి. బండిలో మరో నలుగురు, వెనుక సామాను ఉంటే ముందు భాగం కాస్త పైకి లేచి యాక్సిల్ కోణం మారుతుంది, పైగా ఎత్తుకు లాగాలి. ఒక్కడినే ఉన్నప్పుడు ఆ రెండూ లేవు. చక్రం వైపున్న బయటి జాయింటు అరిగితే మలుపుల్లో టకటక శబ్దం వస్తుంది, అది లేదు కాబట్టి అంతకుముందు చూసినవాళ్లు యాక్సిల్ జోలికే పోలేదు. జాకీ మీద ఎత్తి చూస్తే లోపలి జాయింటు మీది రబ్బరు తొడుగు (బూటు) చిరిగి, గ్రీజు గేరుబాక్సు మీద చిమ్మి ఉంది. జాయింటు, బూటు మార్చి కొత్త గ్రీజు నింపడానికి ఒక పూట పట్టింది. అప్పటి నుంచి వేల కిలోమీటర్లు నిలకడగా నడిచింది, గుట్ట మీదికి కూడా.

బ్రేకు వేసినప్పుడు మాత్రమే పెడల్ కొట్టుకుంటే అది డిస్కుల సంగతి, నాకు ఒకసారి వచ్చింది, డిస్కులు మార్చాక పోయింది. ఈ తరగతి కారు పాతది కొనేవారు బేరానికి ముందు ముగ్గురిని ఎక్కించుకుని ఒక ఎత్తు ఎక్కించి చూడండి. ఖాళీ బండిని చదును రోడ్డు మీద తిప్పి చూపిస్తే ఒప్పుకోకండి.

ఇప్పుడు సిగ్నల్ దగ్గర ఏసీ వేసి ఆగితే సన్నగా అదురుతోంది, గేరు వేసి కదిలితే పోతోంది. ఇంజన్‌ను పట్టి ఉంచే మౌంటింగు రబ్బరు అయి ఉంటుంది. వచ్చే నెల టైర్లతో పాటు మార్పించాలి.