యాకిమా నదిలో గైడుతో ట్రౌట్ వేట: క్యూసెక్కులు అడక్కుండా డబ్బు కట్టకండి

సియాటిల్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు ఎవరైనా ఫ్లై ఫిషింగ్ (ఈకలతో చేసిన పురుగుని దారం కొసన కట్టి విసిరి చేపలు పట్టడం) గైడు కోసం వెతుకుతుంటే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "నేను వచ్చే ఆ వారంలో ఉమ్టానమ్ (లోయలో యాకిమా నీళ్ళు కొలిచే చోటు) దగ్గర మామూలుగా ఎన్ని క్యూసెక్కులు పోతుంటాయి?" దీనికి సూటిగా జవాబు చెప్పని ఆఫీసుకి ఒక్క డాలరు కూడా కట్టొద్దు. ఆగస్టులో మేం దాదాపు 540 డాలర్లు తగలేసి, యాకిమా గట్టున విల్లో కొమ్మలు పట్టుకుని ఇంటికొచ్చాం. అదే నది మీద సెప్టెంబరు చివర వేరే గైడుతో గడిపిన రోజు గురించి మా మావగారు అమలాపురంలో ఉన్న చుట్టాలందరికీ ఇంకా ఫోన్లు చేసి చెప్తూనే ఉన్నారు.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. యాకిమా కాస్కేడ్ కొండల్లో స్నోక్వాల్మీ పాస్ దగ్గర మొదలై క్లె ఎలమ్, ఎలెన్స్‌బర్గ్ మీదుగా వచ్చి, ఆ తరవాత నల్లటి బసాల్ట్ కొండల మధ్య లోయలోకి దిగుతుంది. బెల్‌వ్యూ నుంచి ఐ-90 మీద గంటన్నర పైచిలుకు. లోయ పొడుగునా 821 నంబరు రోడ్డు నది పక్కనే పోతుంది. రెయిన్‌బో ట్రౌట్, కట్‌త్రోట్ ట్రౌట్ రెండూ ఉన్నాయి. ఈస్టన్ డ్యాము నుంచి రోజా డ్యాము దాకా ఏ నెలలోనైనా గాలం వెయ్యొచ్చు గానీ, పట్టిన ట్రౌట్‌ని నీళ్ళలో వదిలెయ్యాల్సిందే, గాలానికి ముల్లు ఉండకూడదు. టూరిస్టు వీసా మీద వచ్చిన పెద్దవాళ్ళకి కూడా లైసెన్సు కావాలి, ఒక్క రోజుది ముప్ఫై డాలర్ల లోపే.

ఇక ఆగస్టు సంగతి. వెబ్‌సైటులో "హాఫ్ డే వేడ్ ట్రిప్, ఇద్దరికి 395 డాలర్లు, సామాను అంతా మాదే" అని ఉంది. వేడ్ అంటే నదిలోకి దిగి తొడల లోతులో నిలబడి విసరడం. మా బావమరిది నెల ముందు నుంచీ యూట్యూబు చూస్తూ ఇంటి వెనక లాన్‌లో రాడ్ పట్టుకుని సాధన చేస్తున్నాడు, వాడి ఉత్సాహం చూసే నేను కార్డు తీశాను. శుక్రవారం రాత్రి ఎలెన్స్‌బర్గ్‌లో ఒక మోటెల్, 189 డాలర్లు, కాన్సిల్ చేసినా తిరిగి ఇవ్వరు, ఏసీ ఆన్ చేస్తే నిద్ర పట్టదు, ఆపితే ఉక్క. పైగా ఊళ్ళోంచి గూడ్సు రైళ్ళు పోతాయి, తెల్లవారుజామున ఒకడు హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు.

పొద్దున్న ఏడింటికి నది దగ్గరికి వెళ్తే గైడు కుర్రాడు మాకంటే ముందే వచ్చి నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడు. అక్కడి యూనివర్సిటీలో చదువుకుంటూ వేసవిలో ఈ పని చేస్తాడట. "ఇవాళ 3,600 ఉంది, గట్టు పక్కన తప్ప ఎక్కడా దిగలేం" అన్నాడు, తప్పంతా తనదే అయినట్టు మొహం పెట్టి. గట్టు పక్కన అంటే మోకాలి లోతు, వెనకంతా విల్లో పొదలు. ఫ్లై ఫిషింగ్‌లో బరువు అంతా దారంలోనే ఉంటుంది, కొసన కట్టిన ఈకల పురుగుకి బరువనేదే ఉండదు. కాబట్టి దారం ముందుకి ఎంత దూరం పోవాలో వెనక్కి కూడా అంత దూరం పోవాలి. వెనక పొద ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

సరదాగా చూడ్డానికి వచ్చిన మావగారు గట్టు మీద నిలబడి అటూ ఇటూ రెండు నిమిషాలు చూశారు. ఆయన కోనసీమ రైతు, మధ్య డెల్టాలో పాతికేళ్ళు సొంత వ్యవసాయం. "అల్లుడు గారూ, ఇది డ్యాము నీళ్ళండి" అన్నారు. ఎలా తెలుసు అంటే, "వరదైతే ఎర్రగా రావాలి కదా. ఎండ మండిపోతంది, వానలు లేవు, నీళ్ళేమో తేటగా ఉన్నాయి, గట్టు మీద గడ్డి మాత్రం మునిగిపోయింది. పైన ఎక్కడో తలుపులెత్తి కాలవలకి వదిలేశారు. కోతల దాకా ఇంతే" అన్నారు. మూడు నెలలు వీసా కోసం తిరిగి, పదహారు గంటలు విమానంలో కూర్చుని వచ్చిన మనిషికి ఒక్క చూపులో అర్థమైన సంగతి, అదే నది మీద బతుకుతున్న ఆఫీసు మాకు చెప్పలేదు.

ఆఫీసుకి ఫోన్ చేశాను. ఫోనెత్తినావిడ చాలా మర్యాదగా "ఆగస్టులో ఎప్పుడూ ఇంతే కదా" అంది. నాకు ఒళ్ళు మండింది అక్కడే. ఎప్పుడూ ఇంతేనని తెలిస్తే ఆగస్టులో వేడ్ ట్రిప్ ఎలా అమ్ముతున్నారమ్మా అంటే, కావాలంటే పడవకి మారొచ్చు, ఇంకో 250 అవుతుంది, కాన్సిల్ చేస్తే మాత్రం 72 గంటల గడువు దాటింది కాబట్టి ఏమీ రాదు అని చదివి వినిపించింది. పడవ వద్దన్నాం, పంతానికి. నాలుగు గంటలు పొదల మధ్య నిలబడితే వేలెడంత చేప ఒకటి పడింది, అది కూడా గైడు విసిరితే. పదకొండు దాటేసరికి రబ్బరు ట్యూబుల మీద బీరు డబ్బాలతో, స్పీకర్లతో జనం బారులు బారులుగా దిగారు. వేసవి శనివారం లోయలో ఇది మామూలేనట, ఇది కూడా ఎవరూ చెప్పలేదు.

అయిపోయాక బిల్లు చూడండి. వేడర్లు, అంటే ఆ రబ్బరు ప్యాంట్లు, అద్దె ఒక్కోటి 30, ఇద్దరికి 60. పొదల్లో పోయిన ఫ్లైలు 14, ఒక్కోటి 3 డాలర్ల లెక్కన 42. "సామాను అంతా మాదే" అన్నదాంట్లో ఇవి రావట. అంతా కలిపి 497, పైన టాక్సు. చివర ట్యాబ్‌లో టిప్పు 20, 25, 30 శాతం అని మూడు డబ్బాలు. నేను అందులో సున్నా కొట్టి ఆ కుర్రాడి చేతిలో నలభై పెట్టాను, వాడేం చేస్తాడు పాపం. బావమరిది ఎలెన్స్‌బర్గ్ నుంచి నార్త్ బెండ్ దాకా నోరు తెరవలేదు. మా ఆవిడ మాత్రం తెరిచింది, ఆ డబ్బుకి ఎన్ని పులసలు వచ్చేవో లెక్కేసి చెప్పింది.

ఈ మంట చల్లారక నేనే కూర్చుని చదివాను. యాకిమా పైన కీచెలస్, కాచెస్, క్లె ఎలమ్ అని మూడు రిజర్వాయర్లు, పక్కన నాచీస్ అనే ఉపనది వైపు బంపింగ్, రిమ్‌రాక్ అని రెండు. అన్నీ బ్యూరో ఆఫ్ రిక్లమేషన్ (అమెరికా ప్రభుత్వ నీటిపారుదల సంస్థ) చేతిలో ఉన్నాయి. కింద యాకిమా లోయంతా ఆపిల్, చెర్రీ, ద్రాక్ష తోటలు, అమెరికాలో బీరుకి వాడే హాప్స్‌లో చాలా భాగం పండేది ఇక్కడే. వేసవంతా వాటికి పై మూడింటి నుంచే ఎక్కువ నీళ్ళు వస్తాయి కాబట్టి, మిగతా నదులు ఆగస్టులో ఎండుతుంటే ఇది నిండుగా పారుతుంది. సెప్టెంబరు మొదట్లో పై డ్యాములు తగ్గించేసి, కింది తోటల నీటిని రిమ్‌రాక్ నుంచి వదులుతారు. దాన్ని ఫ్లిప్-ఫ్లాప్ అంటారు. కారణం చినూక్ సాల్మన్. అవి ఎగువకి వచ్చి సెప్టెంబరులో గులకరాళ్ళలో గుడ్లు పెడతాయి, నిండు నదిలో గట్టు దాకా వెళ్ళి పెట్టాయంటే ఆ తరవాత నీళ్ళు తగ్గినప్పుడు గుడ్లు ఎండిపోతాయి. 1980లో దీని మీద కోర్టు తీర్పు వచ్చాకే ఈ పద్ధతి మొదలైంది. అందుకే సెప్టెంబరులో యాకిమా దిగుతుంది, రిమ్‌రాక్ కింద ఉన్న టైటన్ నది మాత్రం పొంగుతుంది, రాఫ్టింగు వాళ్ళంతా ఆ నెలలో అక్కడికే పరిగెడతారు. మావగారికి చెప్తే "వంతులవారీ అన్నమాట, కాకపోతే చేపలకి కూడా వంతు పెట్టారు, బాగుంది" అన్నారు.

రెండోసారి, సొంత పడవతో తనొక్కడే ట్రిప్పులు తిప్పే గైడుని పట్టాను. ఆయన ఫోన్లో మమ్మల్నే ఇంటర్వ్యూ చేశాడు: మావగారి వయసెంత, మోకాళ్ళు ఎలా ఉన్నాయి, ఈత వచ్చా, తిండి ఏం తింటారు. నేను లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం) వారం అడిగితే వద్దన్నాడు, ఆ వారం నీళ్ళు రోజురోజుకీ తగ్గుతుంటాయి, చేపలు కుదురుగా ఉండవు, పైగా లేబర్ డేకి ఎలెన్స్‌బర్గ్‌లో రోడియో (కౌబాయ్ పోటీలు), రూములు దొరకవు, నెలాఖరుకి రండి అన్నాడు. వచ్చే బేరాన్ని మూడు వారాలు వెనక్కి తోసిన మనిషిని అక్కడే నమ్మాను. రోజంతా పడవ, ఇద్దరికి 600, వేడర్లు, ఫ్లైలు, భోజనం అన్నీ అందులోనే. అడ్వాన్సు వంద, నది బాగోకపోతే ముందు రోజు కూడా తిరిగి ఇచ్చేస్తాడు. బావమరిది రానన్నాడు, ఆ సీటు మావగారిది.

ఆ శనివారం ఉమ్టానమ్ దగ్గర 1,300 క్యూసెక్కులు. మేం దిగింది ఇంకా ఎగువన, థార్ప్ వైపు, అక్కడ నీళ్ళు ఇంకా తక్కువ, అడుగున రాళ్ళు లెక్కపెట్టొచ్చు. గైడు మావగారి దారానికి నారింజ రంగు ఇండికేటర్ కట్టి అది ఎందుకో వివరించబోతుంటే ఆయన మధ్యలోనే "బెండే కదా, మునిగితే లాగాలి" అన్నారు. నేను అనువాదం చేసేలోపే మునిగింది, ఆయన లాగారు. లాగడం చేతి మణికట్టుతో, కొసకి చిన్నగా, యూట్యూబులో ఎంత చూసినా మాకు రాని లాగుడు. గైడు తెడ్డు వదిలేసి నవ్వాడు. ఆయన చేతిని ముందు నీళ్ళలో ముంచమన్నాడు, పొడి చెయ్యి తగిలితే చేప ఒంటి మీద జిగురు పోతుందట. పద్నాలుగు అంగుళాల రెయిన్‌బో, వీపంతా మిరియాల చుక్కలు, పక్కన తోక దాకా గులాబీ గీత. ముల్లు లేని గాలం కాబట్టి ఇలా తిప్పితే అలా వచ్చేసింది. వదిలెయ్యమంటే ఏమంటారో అని నేను కాస్త బెదిరాను గానీ ఆయనకి అసలు ఇబ్బందే లేదు: "ఇవాళ శనివారం కదండీ, ఎలాగూ నీచు ముట్టను."

మధ్యాహ్నం ఒక చోట దిగి నడిచాం. నది అడుగున నాచు పట్టిన నల్ల రాళ్ళ మధ్య ఒక మంచం అంత మేర మాత్రం తెల్లగా, తోమినట్టు ఉంది. అది సాల్మన్ గూడు, తోకతో కొట్టి కొట్టి శుభ్రం చేస్తుంది, దాని మీద అడుగు పెట్టకూడదు, దాని చుట్టుపక్కల గాలం కూడా వెయ్యకూడదన్నాడు గైడు. మావగారు అక్కణ్ణించి గట్టెక్కి చుట్టూ తిరిగి వచ్చారు. భోజనానికి ఆయనకి చీజు, దోసకాయ శాండ్‌విచ్ విడిగా తెచ్చాడు, ఫోన్లో ఒక్కసారి చెప్పింది గుర్తుపెట్టుకుని. రెండు తరవాత గాలి లేచింది. ఎలెన్స్‌బర్గ్ గాలి పేరు మోసింది, విండ్ మిల్లులు ఊరికే పెట్టలేదు. ఆ గాలిలో నా ఫ్లై నా టోపీకే తగులుకుంది, మావగారికి బెండు పద్ధతే కాబట్టి ఏ గొడవా లేదు. నాకంటే ఆయనకే ఎక్కువ పడ్డాయి, ఎన్నో ఆయన చెప్తారు, అడగండి.

మర్నాడు లోయ రోడ్డు మీద కిందికి యూనియన్ గ్యాప్ దాకా వెళ్ళి లాస్ హెర్నాండెజ్‌లో తమాలేలు (పొట్టులో చుట్టి ఉడికించే మెక్సికన్ మొక్కజొన్న ముద్దలు) తిన్నాం. 2018లో హోటళ్ళకీ వంటవాళ్ళకీ ఇచ్చే జేమ్స్ బియర్డ్ అవార్డు వచ్చిన చోటు, చూడ్డానికి మాత్రం మామూలు చిన్న కొట్టు. మొక్కజొన్న పొత్తు పొట్టు విప్పగానే మావగారు "మన పొట్టిక్కల్లాగే ఉందే, పనసాకు బదులు ఇది" అని ఆదివారం కాబట్టి చికెన్‌వి లాగించారు. వాళ్ళ అసలు పేరున్నది ఆస్పరాగస్ తమాలేలకి, అవి వసంతంలోనే. మా ఆవిడ రెండు రోజులూ థార్ప్‌లో పళ్ళ అంగడి చుట్టూ తిరిగి డిక్కీ నిండా హనీక్రిస్ప్ ఆపిల్స్ వేయించింది, ఈసారి పులసల లెక్క రాలేదు.

ఖర్చు చెప్పాలంటే: గైడుకి 600, టిప్పు 120, మోటెల్ 142 (వేరేది, రైలు చప్పుడు మాత్రం అదే).

నెలల సంగతి నా అభిప్రాయం ఇదీ. ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ మొదటి దాకా నీళ్ళు తక్కువ, తేట, స్క్వాలా అనే పురుగు లేచే కాలం, చలికి ఓర్చుకోవాలి. ఏప్రిల్ చివర నుంచి జూన్ దాకా మంచు కరిగి మడ్డి నీళ్ళు రావచ్చు, ముందు రోజు దాకా ఏదీ ఖాయం కాదు. జూలై, ఆగస్టు పడవ మీదైతే బాగానే ఉంటుంది, గట్టు గడ్డి పక్కన మిడతల ఫ్లై వేస్తారు, కానీ దిగి నడిపిస్తామన్నవాడి మాట నమ్మొద్దు, శని ఆదివారాలు అసలొద్దు. సెప్టెంబరు మూడో వారం నుంచి అక్టోబరు చివరి దాకా, కొత్తవాళ్ళకీ పెద్దవాళ్ళకీ దీన్ని మించింది లేదు. నీటి లెక్కలు ప్రభుత్వ సైట్లలో రోజూ ఉంటాయి, ఉచితంగా.

మార్చిలో స్క్వాలాకి ఆ గైడు దగ్గర రెండు శనివారాలు ఖాళీ ఉంటే ఒకటి తీసుకున్నాను. అప్పటికి మావగారు వెళ్ళిపోతారు. బావమరిది వస్తాననీ చెప్పడు, రాననీ చెప్పడు. వాడు ఫిబ్రవరి మొదటి వారంలోగా తేల్చకపోతే పడవలో ఒక సీటు ఖాళీ, మీ వాటా 300, టిప్పు విడిగా.