ల్యాపాక్ కొనబోతున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

మ్యాట్రిక్స్ లెక్కలు చేసే ప్రోగ్రామింగ్ లైబ్రరీ ల్యాపాక్ కోసం వెతికితే అన్నిటికంటే పైన ప్రకటనలే కనిపిస్తున్నాయి. "ప్రొఫెషనల్ ఎడిషన్", "ఒక్క క్లిక్‌తో ఇన్‌స్టాల్", "జీవితకాల లైసెన్స్ కీ" అంటూ డబ్బు అడుగుతున్నారు. మా ఆఫీసులో కొనుగోళ్లు చూసేవాళ్లు అలాంటి విండోస్ ప్యాక్ ఒకటి కొని, ఇన్‌స్టాల్ చేయమని నాకు పంపారు. దాన్ని విప్పి చూశాక మిగతావాళ్లకి చెప్పకుండా ఉండలేకపోయాను. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. పేరు మార్చుకోవడం వాళ్లకి ఎంతసేపు? అమ్మే పద్ధతిని గుర్తుపట్టండి చాలు.

ల్యాపాక్ 1992లో వచ్చింది, అప్పటి నుంచీ ఉచితమే. లిన్‌పాక్, ఐస్‌పాక్ అనే పాత లైబ్రరీల పని రెండూ కలిపి చేయడానికి ఫోర్ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన కోడ్ అది. సోర్స్ మొత్తం నెట్‌లిబ్ సైట్‌లోనూ గిట్‌హబ్‌లోనూ ఉంటుంది. ఎవరైనా దించుకోవచ్చు. కీ అనేదే లేదు.

అమ్మడం నేరమా అంటే కాదు. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. దాని లైసెన్స్ "సవరించిన బీఎస్‌డీ" అనే, షరతులు తక్కువున్న రకం, కాబట్టి అమ్ముకునే సాఫ్ట్‌వేర్‌లో కూడా ల్యాపాక్‌ని కలుపుకోవచ్చు. అయితే కాపీరైట్ నోటీసు, షరతులు అలాగే ఉంచాలి. కాపీరైట్ ఉన్నవాళ్ల పేర్లు వాడుకుని, రాతపూర్వక అనుమతి లేకుండా తమ సరుకుకి ప్రచారం చేసుకోకూడదు. మాకు వచ్చిన ప్యాక్‌లో ఆ లైసెన్స్ ఫైలే లేదు. దాని బదులు "కాపీ చేయడం నిషిద్ధం" అంటూ అమ్మేవాళ్లు సొంతంగా రాసుకున్న షరతులున్నాయి. ఉచిత కోడ్ మీద నిషేధం పెట్టడానికి గుండె ధైర్యం కావాలి!

ఇక లోపల ఏముందో చూద్దాం. ప్రకటనలో "తాజా వెర్షన్" అని ఉంది. ల్యాపాక్‌లో ఐలావర్ అనే చిన్న సబ్‌రొటీన్ ఉంటుంది. దాన్ని పిలిస్తే వెర్షన్‌ని మూడు అంకెలుగా ఇస్తుంది. నాలుగు లైన్ల ప్రోగ్రామ్ రాసి పిలిస్తే 3, 4, 2 అని వచ్చింది. అంటే 2012 నాటిది. ఆ తర్వాత సరిచేసిన బగ్గులన్నీ ఇందులో భద్రంగా ఉన్నట్టే. మీ దగ్గర ఇలాంటి ప్యాక్ ఉంటే ముందు ఈ పరీక్ష చేయండి. దీనికి అమ్మినవాళ్ల దగ్గర సమాధానం ఉండదు.

వెర్షన్ కంటే నాకు ఎక్కువ మంట పుట్టించింది బ్లాస్. ల్యాపాక్ తన బరువు పని, ముఖ్యంగా మ్యాట్రిక్స్ గుణకారం, బ్లాస్ అనే కింది లైబ్రరీకి అప్పగిస్తుంది. వేగమంతా అక్కడే. ఈ ప్యాక్‌లో పెట్టింది నెట్‌లిబ్‌లో ఉండే రిఫరెన్స్ బ్లాస్. అది సరైన జవాబే ఇస్తుంది, కానీ బ్లాస్ ఎలా పనిచేయాలో చూపించే నమూనా మాత్రమే. ఒకదాంట్లో ఒకటి మూడు లూప్‌లు తిరుగుతాయి, ప్రాసెసర్‌లోని వేగమైన చిన్న మెమరీని (క్యాష్) పట్టించుకోదు, ఒక్క కోర్ మీదే నడుస్తుంది. 2000 వరసలు, 2000 నిలువులు ఉన్న రెండు మ్యాట్రిక్స్‌లని గుణించాలంటే దాదాపు 1600 కోట్ల లెక్కలు చేయాలి. ఆ పనిని ఈ ప్యాక్‌కి ఇచ్చి టాస్క్ మేనేజర్ తెరిస్తే, ఒక్క కోర్ చెమటోడుస్తోంది, మిగతావన్నీ నిద్రపోతున్నాయి. అదే మెషీన్ మీద ఉచితంగా దొరికే ఓపెన్‌బ్లాస్ అనే వేగమైన బ్లాస్‌తో అదే పని చేస్తే కోర్లన్నీ లేచాయి, ఫలితం ఎన్నో రెట్లు ముందుగా వచ్చింది. డబ్బు కట్టి కొన్నది, ఉచితంగా దొరికేవాటిలోనే అన్నిటికంటే నెమ్మదైనది.

ఇంకో నష్టం వెంటనే కనబడలేదు. ఇన్‌స్టాలర్ ముందు యాంటీవైరస్ ఆపమంది, తర్వాత అడ్మిన్ అనుమతి అడిగింది. నేను టెస్ట్ మెషీన్ మీదే నడిపాను కాబట్టి బతికిపోయాం. విండోస్ ప్రోగ్రామ్‌ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా, అంటే పాత్ వేరియబుల్‌లో, అది తన ఫోల్డర్‌ని అన్నిటికంటే ముందు పెట్టుకుంది. అందులోని డీఎల్ఎల్ (ప్రోగ్రామ్‌లు నడిచేటప్పుడు లోడ్ చేసుకునే లైబ్రరీ ఫైలు) పేరు కూడా మామూలు లిబ్‌ల్యాపాక్. దాంతో అంతకుముందు బాగా నడుస్తున్న మా సొంత ప్రోగ్రామ్ కూడా ఈ పాత డీఎల్ఎల్‌నే ఎత్తుకోవడం మొదలుపెట్టింది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు, ఊరికే నెమ్మదించింది. ఇలాంటిది పట్టుకోవడం ఎంత టెన్షనో పడ్డవాళ్లకే తెలుసు.

సపోర్ట్‌కి రాస్తే, కీ యాక్టివేట్ అయింది కాబట్టి డబ్బు వెనక్కి రాదన్నారు. పైగా అన్ని కోర్లూ వాడాలంటే ఇంకా ఖరీదైన ఎడిషన్ కొనమన్నారు. అందులో ఉండేది ఓపెన్‌బ్లాసే అయ్యుంటుందని నా అనుమానం.

మరి ఎక్కడ తెచ్చుకోవాలి? పైథాన్ వాడేవాళ్లు అసలు వెతకక్కర్లేదు. పిప్‌తో నంపై అనే లెక్కల లైబ్రరీ పెట్టుకుంటే మామూలుగా ఓపెన్‌బ్లాస్ దాంతోపాటే వస్తుంది. ఏది వచ్చిందో నంపైలోని షో కాన్ఫిగ్ ఫంక్షన్ చెబుతుంది. జూలియా భాషలోనూ ఓపెన్‌బ్లాస్ ముందే ఉంటుంది. ఉబుంటు, డెబియన్‌లలో లిబ్‌ఓపెన్‌బ్లాస్-డెవ్ ప్యాకేజీ పెట్టుకుంటే ల్యాపాక్ రొటీన్లు అందులోనే వస్తాయి. మ్యాక్‌లో యాపిల్ ఇచ్చే యాక్సిలరేట్ లైబ్రరీలో ఉన్నాయి. విండోస్‌లో కోండా గానీ వీసీపీకేజీ గానీ, ఏదో ఒక ప్యాకేజీ మేనేజర్ చాలు. ఇంటెల్ కంపెనీ లైబ్రరీ ఎంకేఎల్ కూడా ఉచితమే, కాకపోతే దాని సోర్స్ ఇవ్వరు. అసలు సోర్స్ నుంచే కంపైల్ చేస్తామంటే జీఫోర్ట్రాన్ కంపైలర్, సీమేక్ అనే బిల్డ్ టూల్ ఉండాలి. అప్పుడు వేగమైన బ్లాస్ వాడమనే ఆప్షన్ మీరే ఆన్ చేయాలి, లేదంటే సోర్స్‌తో వచ్చిన రిఫరెన్స్ బ్లాసే కలిసిపోతుంది. పాత పద్ధతిలో స్టాటిక్‌గా లింక్ చేసేటప్పుడు ల్యాపాక్ ముందు, బ్లాస్ తర్వాత రాయాలి. తిరగేస్తే "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" అంటూ లింకర్ పేజీలకు పేజీలు తిడుతుంది.

సపోర్ట్ కోసం డబ్బు పెట్టి నిజమైన కంపెనీ లైబ్రరీ కొనుక్కునేవాళ్ల సంగతి వేరు, వాళ్ల జోలికి నేను పోవడం లేదు.

ఇప్పటికే ఇలాంటి ప్యాక్ కొని ఉంటే అన్‌ఇన్‌స్టాల్ చేసి ఊరుకోకండి. మా దగ్గర అన్‌ఇన్‌స్టాలర్ పాత్‌లోని ఎంట్రీనీ, డీఎల్ఎల్‌నీ అలాగే వదిలేసింది. రెండూ చేత్తో తీసేసి, మెషీన్ రీస్టార్ట్ చేసి, మీ ప్రోగ్రామ్ ఏ ఫోల్డర్‌లోని డీఎల్ఎల్‌ని లోడ్ చేస్తోందో మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌లో చూసుకోండి. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో వివాదం వేయండి. ఐలావర్ ఇచ్చిన అంకెల స్క్రీన్‌షాట్, "తాజా వెర్షన్" అన్న ప్రకటన స్క్రీన్‌షాట్ రెండూ జతచేయండి. మా వాళ్లు అలాగే వేశారు, ఇంకా తేలలేదు.