పాతకాలపు స్లాట్ కారుకు ఇత్తడి ఛాసిసా, ప్లాస్టిక్ ఛాసిసా: ఏది మేలు?

1960ల నాటి రేసు కార్లను స్లాట్ కార్లుగా, అంటే అసలు కారులో 32వ వంతు (1/32 స్కేలు) నమూనాలుగా తయారుచేసి, గాడి తీసిన ట్రాక్ మీద 12 వోల్టుల కరెంటుతో పరుగెత్తించేవాళ్లు గోదావరి జిల్లాల్లో బహు తక్కువ. అయినా కొత్తగా మొదలుపెట్టే ప్రతివారూ ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే: కారు అడుగుభాగం, అంటే ఛాసిస్, అచ్చుపోసిన ప్లాస్టిక్‌ది కొనుక్కోవాలా, లేక ఇత్తడి పట్టీలు కోసి టంకం పెట్టి స్వయంగా కట్టుకోవాలా? పాలకొల్లులో ఉంటూ రెండు రకాలూ చేసి చూసిన నేను ఇత్తడినే ఎంచుకుంటాను. ఆ ఎంపికకు మూలం మన డెల్టా గాలిలోని తేమ.

1957లో ఫ్రెడ్ ఫ్రాన్సిస్ బ్రిటన్‌లో స్కేలెక్స్‌ట్రిక్ అనే స్లాట్ కార్ల ఆటను బయటికి తెచ్చినప్పుడు ఆ కార్లు రేకుతో చేసినవి. 1960 నుంచి వాటి స్థానంలో ప్లాస్టిక్‌వి వచ్చాయి. ఆ దశకం నడుమ అమెరికాలో ఈ ఆట జోరుగా సాగిన రోజుల్లో, గెలుపు మీద పట్టుదల ఉన్నవాళ్లు ఇత్తడి గొట్టాలూ పియానో తీగా (గట్టి ఉక్కు తీగ) తెచ్చుకుని ఛాసిస్‌లు ఇంట్లోనే కట్టుకున్నారు. అప్పటి కారును ట్రాక్ మీద నిలిపింది దాని బరువూ, టైర్ల పట్టూ, నడిపేవాడి వేలూ మాత్రమే. ఇప్పటి రెడీమేడ్ ప్లాస్టిక్ కార్లలో చాలావాటికి అడుగున ఒక చిన్న అయస్కాంతం ఉంటుంది. అది ట్రాక్‌లోని ఉక్కు పట్టాలను ఆకర్షిస్తూ, మలుపులో కారు పక్కకు జారకుండా కిందికి లాగి ఉంచుతుంది.

ఆ ఉక్కు పట్టాలే మన ప్రాంతంలో నిలవవు. నేను మొదట కొన్న ప్లాస్టిక్ ట్రాక్‌ను ఒక వర్షాకాలమంతా మేడ మీది గదిలో పరచి ఉంచితే, శ్రావణమాసం వెళ్లేసరికి పట్టాలన్నీ ఎర్రగా తుప్పు పట్టి, కరెంటు అందక కార్లు అడుగడుగునా ఆగిపోయాయి. ఉప్పుకాగితంతో రుద్దితే పైపూత పోయి తుప్పు మరింత తొందరగా వచ్చింది. ఆ తర్వాత ఎం.డి.ఎఫ్. (చెక్కపొడిని అదిమి చేసిన) పలకలో గాడి తీయించి, గాడికి ఇరువైపులా రాగి టేపు అంటించుకున్నాను. (పలకకు పైనా కిందా, గాడి లోపలి అంచులకు కూడా రంగు వేయకపోతే తేమకు ఉబ్బిపోతుంది.) రాగి కూడా నల్లబడుతుంది కానీ, గుడ్డతో గట్టిగా తుడిస్తే మళ్లీ పనిచేస్తుంది. అయితే అయస్కాంతానికి రాగితో పని లేదు. దాంతో, అయస్కాంతాన్ని నమ్ముకున్న ప్లాస్టిక్ కారు ఈ ట్రాక్ మీదికి రాగానే పట్టు కోల్పోతుంది.

నా దగ్గరున్న ప్లాస్టిక్ ఛాసిస్ కారు 72 గ్రాములు, ఇత్తడిది 104 గ్రాములు తూగుతాయి. అంకెల కన్నా ముఖ్యం ఆ బరువు ఎక్కడ ఉందన్నది. ఇత్తడి కారులో బరువంతా ట్రాక్‌కు ఒకటిన్నర మిల్లీమీటర్ల ఎత్తులో పరచుకుని ఉంటుంది. మలుపులో వేగం కొంచెం ఎక్కువైతే వెనక చక్రాలు మెల్లగా బయటికి జారతాయి, కంట్రోలర్ మీద వేలు కాస్త సడలిస్తే తిరిగి దారిలోకి వస్తాయి. పాత ఫోటోల్లో గ్రాండ్ ప్రి కార్లు వెనకభాగం జారుస్తూ మలుపు తిరిగే తీరు ఇదే. అయస్కాంతం తీసేసిన ప్లాస్టిక్ కారు అలా జారదు. గడగడలాడి, ఎగిరి, పక్కకు పడిపోతుంది. సీసపు ముక్కలు అంటిస్తే కొంత కుదురుకుంటుంది. బాడీ స్క్రూలను అర చుట్టు వదులు చేస్తే ఆ అదురు ఇంకా తగ్గుతుంది. అంత చేసినా ఇత్తడి కారుతో సమానం కాలేదు.

ఇత్తడి పని కష్టమన్న మాట నిజమే. పట్టీ వేడిని వెంటనే లాగేసుకుంటుంది కనుక, రేడియో రిపేరుకు వాడే 25 వాట్ల ఐరన్ చాలదు, కనీసం 60 వాట్లది కావాలి. గ్రానైట్ దుకాణంలో మిగిలిన చదునైన రాతిముక్క మీద పట్టీలు పరచి, వెనక ఇరుసు నేలకు సమాంతరంగా ఉందో లేదో చూసుకున్నాకే టంకం పెట్టాలి. రెండో అతుకు వేస్తుంటే మొదటిది కరిగి కదిలిపోతుంది. అందుకు మొదటి అతుకు మీద తడి గుడ్డపీలిక వేసి ఉంచుతాను. టంకం సరిగా పట్టినప్పుడు పట్టీ అంచు వెంట వెండిగీతలా పాకుతుంది. ముద్దగా నిలబడిందంటే అతుకు పడలేదనే అర్థం. ఆమ్లపు ఫ్లక్స్ వాడితే వంటసోడా నీళ్లతో కడగాలి, లేకుంటే మన తేమకు కొన్నాళ్లలోనే పచ్చటి చిలుము పడుతుంది.

ఇంత శ్రమకు ఫలితం మరమ్మతులో కనిపిస్తుంది. బల్ల మీంచి పడిన ఇత్తడి ఛాసిస్ వంగితే పటకారుతో సరిచేసుకోవచ్చు. ప్లాస్టిక్‌లో ఇరుసును పట్టే చెవి విరిగిందంటే, కొత్త ఛాసిస్ పార్సిల్ వచ్చేదాకా కారు అలమరలోనే. ఇత్తడికి దూరం పోనవసరమూ లేదు. పెరవలి దగ్గరి అజ్జరం పేరే ఇత్తడి పనికి పెట్టింది పేరు.

పైగా చాలా ప్లాస్టిక్ ఛాసిస్‌లకు ముందు వెనక చక్రాల మధ్య దూరం మార్చే వీలుండదు. లోటస్ 25 రేసు కారుకు ఆ దూరం ఈ స్కేలులో 72 మిల్లీమీటర్లు, అంబాసిడర్‌కు 77. ఇత్తడిలోనైతే పట్టీ ఐదు మిల్లీమీటర్లు పొడవుగా కోసుకుంటే సరిపోతుంది.

బాడీ విషయం కూడా ఛాసిస్‌తోనే తేలుతుంది. పలుచని పాలికార్బొనేట్ బాడీ తేలిక, కానీ రంగు లోపలినుంచి వేయాలి. రివెట్లు, తలుపు గీతలు స్పష్టంగా రావు. రెజిన్ బాడీలో అవన్నీ చక్కగా వస్తాయి, అయితే బరువు పైన చేరుతుంది. లోపలి గోడను అరగదీసి పలుచన చేసుకుంటే, మిగిలిన బరువును ఇత్తడి అడుగు మోయగలదు. సీటు అంచు కుట్టుకు నరసాపురం లేసు దారం ఒక పోగు విడదీసి అంటిస్తాను. నల్లరంగు పూస్తే అదే ఇంజను గొట్టమవుతుంది. వానరోజున మాత్రం లాకర్ స్ప్రే జోలికి పోకూడదు. ద్రావకం ఆరుతూ పూతను చల్లబరిస్తే, గాలిలోని తేమ దాని మీద చేరి రంగు పాలలా తెల్లబడుతుంది. ఎండ కాసిన రోజున, పొద్దు బాగా ఎక్కాక వేయడం మంచిది.

ప్లాస్టిక్‌కు నేను చోటిచ్చే సందర్భం ఒకటుంది. పదేళ్ల పిల్లలకు మొదటి కారు చేసిస్తున్నప్పుడు వేడి ఐరన్ వాళ్ల చేతికి ఇవ్వలేం. గేర్లు కుదురుగా కలిసే ప్లాస్టిక్ ఛాసిస్ అరగంటలో సిద్ధమవుతుంది. త్రీడీ ప్రింటర్‌లో పి.ఎల్.ఎ. అనే ప్లాస్టిక్‌తో తీసినది మాత్రం వద్దంటాను. అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మే నెలలో వేడెక్కిన మోటారు పక్కన ఆ వేడి చేరడం కష్టం కాదు. పిల్లల ప్లాస్టిక్ కారుకైనా మొదటిరోజే అయస్కాంతం తీసేసి, ఆ ఖాళీలో పది గ్రాముల సీసం, గైడు (కారు ముందు అడుగున గాడిలోకి దిగే ముక్క) వెనక మరో ఐదు గ్రాములు అంటించి, గైడుకున్న, కరెంటు అందుకునే రాగి జడలు టేపుకు చదునుగా ఆనుతున్నాయో లేదో చూసి ట్రాక్ మీద పెట్టండి.